పలక్కపోతే నాగా

మా కామరాజు మావయ్యకి హాజరు పిలవడం ఒక జబ్బు. కొందరికి ముక్కుపొడుం, కొందరికి పేకాట, ఈయనకి హాజరు. నలుగురు మనుషులు ఒకచోట కనబడితే చాలు, చెవి వెనకాల దోపుకున్న ఎర్ర పెన్సిలు చేతిలోకి వచ్చేసేది. పెళ్ళికి పిలిస్తే భోజనాల పంక్తి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి, పేరుపేరునా పిలిచి, పలికిన మనిషి విస్తట్లోనే పప్పు పడనిచ్చేవాడు. గాజువాక వెళ్ళే సిటీ బస్సెక్కితే కండక్టరు కంటే ముందు తనే లేచి నిలబడి, "ఎక్కినోళ్ళు అందరూ ఉన్నారా, మజ్జిలో దిగిపోయినోడెవుడైనా ఉంటే సెప్పండి" అనేవాడు. దిగిపోయినవాడు ఎలా చెబుతాడని ఆ బస్సులో ఒక్కరూ అడిగేవారు కాదు. ఆ గొంతు అలాంటిది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. వన్‌టౌన్లో మా సందులో ఎదురిల్లు. పోర్టు టైమాఫీసులో ముప్ఫయ్యేళ్ళు ఖలాసీల మస్టరు రాశాడు. మస్టరంటే హాజరు పట్టీ. పనికి రానివాడి పేరుకెదురుగా వేసే మాట నాగా. ఆ రెండు మాటల మధ్యే ఆయన జీవితమంతా గడిచిపోయింది. ఇంట్లో కూడా అంతే. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ చిట్టెమ్మత్తని చూస్తూనే, "చిట్టెమ్మా" అని పిలిచేవాడు. ఆవిడ "ఉన్నాను" అనాలి. అనకపోతే కాఫీ అందుకునేవాడు కాదు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో హాజరు పిలిస్తే పలికేది చిట్టెమ్మత్త ఒక్కతే. అందుకని ఆవిడా విసుక్కోకుండా పలికేది.

ఆయన రిటైరైన మర్నాడు మా సందు కష్టాలు మొదలయ్యాయి. పొద్దున్న ఆరింటికి పోర్టు సైరన్ మోగేసరికి సందు మధ్య కుళాయి దగ్గర ఖాకీ నిక్కరు, బనీను, చంకలో పొడుగాటి అట్ట పుస్తకంతో కామరాజు మావయ్య నిలబడి ఉన్నాడు. పద్నాలుగిళ్ళ వాళ్ళ పేర్లూ పుస్తకంలో ఎక్కేశాయి.

"వరహాలు."

ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే వరహాలు అప్పుడే హార్బరునుంచి వచ్చి పడుకున్నాడు. కిటికీలోంచి మూలుగు వినిపించింది.

"నోటితో పలుకు. పలక్కపోతే నాగా ఏసీగల్ను."

ఆ బెదిరింపుకి అర్థం లేదు. నాగా వేస్తే కోతపెట్టడానికి అదేమీ పోర్టు కాదు. అయినా ఎందుకో అందరూ పలికేవారు. గుల్జార్ బేగం పరదా వెనకనుంచి "హాజిర్, భాయ్‌సాబ్" అనేది. ఆవిడ భర్త నజీర్ అహ్మద్ గెడ్డం గీసుకుంటూ సబ్బు నురగలోంచి పలికేవాడు. మా నాయనమ్మ గంగాలమ్మ తుంటి విరిగి మంచంలో ఉండేది గాని, గొంతుకి మాత్రం ఏ విరుపూ లేదు.

"గంగాలమ్మా."

"ఉన్నాన్రా. రాత్రికి రాత్రి పోయాననుకున్నావేటి? నిన్ను సాగనంపే దాకా ఉంతాను."

ఆయన నింపాదిగా పెన్సిలు కదిపి, తర్వాతి పేరు పిలిచేవాడు. ఆ పేరు నాది.

"సీతాలు."

నేను పలికేదాన్ని కాదు. పలకకూడదని కాదు. పదిమంది ఉన్నచోట నాకు గొంతు రాదు. ఎనిమిదో తరగతి సగంలో నాయనమ్మ జారిపడింది. నాన్న బోటు మీద వెళితే వారం దాకా రాడు. అమ్మ తెల్లారకముందే హార్బరుకి వెళ్ళి వేలంలో చేపలు పాడి, గంపనెత్తుకుని వాడవాడలా తిరగాలి. నాయనమ్మని చూసుకోవడానికి ఇంట్లో మిగిలింది నేను. అలా బడి మానేశాక మాట్లాడే అవసరం కూడా తగ్గిపోయింది. మా గుమ్మం పక్కన తారు డ్రమ్ములో నీళ్ళు పట్టుకుంటాం. హాజరు వేళకి నేను ఆ డ్రమ్ము వెనకాల కూర్చుని చేపల గంపలు కడుగుతూ ఉండేదాన్ని. అక్కణ్ణుంచి సందంతా కనబడుతుంది. సందుకి నేను కనబడను.

"మా సీతాలు ఉంది, రాసుకో" అని నాయనమ్మ మంచంలోంచి అరిచేది.

"ఒకల బదులు ఇంకోల్లు పలక్కూడదు. రూలు" అనేవాడాయన. కళ్ళజోడు పైకి తోసుకుని, ఏదో రాసి, పుస్తకం మూసేవాడు. ఏం రాశాడో ఎవరికీ తెలీదు. పుస్తకం ఎవరికీ చూపించేవాడు కాదు. చిట్టెమ్మత్తకి కూడా.

ఎవరైనా పలక్కపోతే మాత్రం మస్టరు ముగిశాక తిన్నగా వాళ్ళింటికి వెళ్ళేవాడు. ఇది మరీ అన్యాయమని సందంతా గుసగుసలాడుకునేది. ఒకరోజు వరహాలు పలకలేదు. మావయ్య లోపలికి వెళ్ళి, అరగంట తర్వాత వరహాలుని రిక్షాలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, "దొంగ జొరం. ఎదవ పలకడానికి బద్దకం" అన్నాడు. ఆ దొంగ జ్వరం టైఫాయిడై పద్దెనిమిది రోజులుంది. పద్దెనిమిది రోజులూ ఈయన వెళ్ళి, "ఎప్పుడు పలుకుతావు" అని అడిగొచ్చేవాడు. వెళ్ళేటప్పుడు చేతిలో గిన్నె ఉండేది. వచ్చేటప్పుడు ఉండేది కాదు.

సరే, కుక్క సంగతి చెప్పాలి.

నజీర్ అహ్మద్ ఓడలకి కూరగాయలూ కోళ్ళూ సప్లై చేసే కొట్లో గుమాస్తా. మావయ్య రిటైరవుతున్న రోజునే, ఆస్ట్రేలియానుంచి బొగ్గు తెచ్చిన ఓడ మీద ఒక నావికుడు నజీర్ చేతిలో ఒక కుక్కని పెట్టి ఏడ్చాడట. నలుపూ తెలుపూ కలిసిన ఒళ్ళు, జూలు లాంటి బొచ్చు, నేలకి తగులుతున్న పొట్ట. ఓడలో ప్రసవాలు వద్దని కెప్టెను అన్నాడట. నజీర్ దాన్ని తాడు కట్టి గేటు దాకా తెచ్చాడు. గేటు దగ్గర కామరాజు మావయ్య ఆఖరి మస్టరు రాస్తున్నాడు.

"టోకెన్ లేకండా బైటికి ఎలగ పంపుతాను బావా? దీని పేరేటి, గ్యాంగేటి?"

నజీర్ జేబులోంచి నావికుడు రాసిచ్చిన చీటీ తీశాడు. అందులో ఇంగ్లీషులో రెండే ముక్కలు. బెస్సీ. షీప్ డాగ్.

మావయ్యకి ఇంగ్లీషు రాదనడానికి లేదు. ముప్ఫయ్యేళ్ళు ఓడల పేర్లు రాసినవాడు. ఆ చీటీ చూసి చిన్నగా నవ్వాడట. "పాపం, ఏడుపులో రాసినట్టున్నాడు. ఎస్ హెచ్ తరవాత ఐ పెట్టాల. రెండు ఈలు పెట్టీసినాడు" అని, ఎర్ర పెన్సిలుతో ఆ రెండక్షరాలూ కొట్టేసి, ఐ వేసి, షిప్ డాగ్ అని సరిదిద్దాడు. షిప్పులోంచి దిగిన కుక్క షిప్పు కుక్క కాక ఇంకేమవుతుంది. ఆ చీటీ జేబులో వేసుకుని కుక్కతో సహా ఇంటికొచ్చి, సందు పుస్తకం అట్టకి లోపలివైపు అంటించుకున్నాడు. సందులో బెస్సీ అన్న పేరు ఎవరికీ నోరు తిరగలేదు. నాయనమ్మ దాన్ని "బస్సు" అంది. అదే స్థిరపడింది.

పదిరోజులకి బస్సు ఏడు పిల్లల్ని పెట్టింది.

చెక్కపెట్టెలో చిట్టెమ్మత్త పాత చీర మడతల మీద, చేపపిల్లల్లాగా ఒకదాని మీద ఒకటి. ఇంకా కళ్ళు తెరవలేదు. మర్నాడు పొద్దున్నే మావయ్య పెట్టె ముందు గొంతుక్కూచుని హాజరు మొదలెట్టాడు. చిట్టెమ్మత్త నడుం మీద చెయ్యేసుకుని, "కళ్ళు తెరవనోళ్ళు ఎలగ పలుకుతారు?" అంది.

"మూలిగితే సాలు" అన్నాడాయన.

పేర్లు కూడా ఆయనే పెట్టాడు. జెట్టి, క్రేను, లంగరు, తెడ్డు, విజిలు, గేటు, టోకెను. ఆఖరివాడు టోకెను, అందరికంటే చిన్నవాడు, కుడి చెవి నిలబడేది కాదు. నడక వచ్చిందగ్గర్నుంచి పిలిచినప్పుడల్లా వాడు ఉండేవాడు కాదు. పెట్టె వెనకాలో, పొయ్యి పక్కనో, చిట్టెమ్మత్త చెప్పుల్లోనో దొరికేవాడు. వారం రోజులు వరసగా అలా జరిగాక మావయ్య పుస్తకంలో టోకెను అన్న పేరు కొట్టేసి, పేరే నాగా అని మార్చేశాడు.

"అరే భాయ్‌సాబ్, అది మా ఉర్దూ మాటే కదా. పసివాడికి గైర్హాజరు అని పేరు పెడతారా ఎవరైనా" అని గుల్జార్ బేగం బాధపడింది. వాడు మాత్రం ఆ పేరుకి ఠక్కున చెవులు రిక్కించేవాడు. నిలబడే చెవి ఒకటీ, నిలబడని చెవి ఒకటీ.

నెల తిరిగేసరికి పాలు చాలక రాగిపిండితో చోడి అంబలి మొదలయింది. చిట్టెమ్మత్త వెడల్పాటి పళ్ళెంలో పోస్తే ఏడుగురూ తినడం మానేసి అందులో నిలబడేవాళ్ళు. ఆవిడ రోజుకి రెండుసార్లు ఇరవయ్యెనిమిది కాళ్ళు కడిగేది. నేను నాయనమ్మకి జావ పట్టేసి సాయం వెళ్ళేదాన్ని. ఆ ఇంట్లో నాకు మాట్లాడాల్సిన పని ఉండేది కాదు. కుక్కపిల్లలకి మాటలక్కర్లేదు. అప్పుడే ఒకటి గమనించాను. పళ్ళెం పెట్టగానే ఆరుగురు దూకేవాళ్ళు. ఎవడో ఒకడు పెట్టెలో నిద్రపోతూ ఉండిపోయేవాడు. నాగా పళ్ళెం దాకా వచ్చి, వెనక్కి చూసి, మళ్ళీ వెళ్ళి వాణ్ణి ముక్కుతో పొడిచి లేపి తెచ్చేవాడు. తెచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

"తిక్కసన్నాసి" అని చిట్టెమ్మత్త వాడికి విడిగా పోసేది.

షిప్పు కుక్కలు కాబట్టి వీటికి సముద్రం అలవాటు చెయ్యాలని మావయ్య పట్టుబట్టాడు. ఏడు వారాల పిల్లల్ని చేపల గంపలో పెట్టుకుని, బస్సుని తాడుతో పట్టుకుని, బీచికి బయల్దేరాడు. గంప మోసింది నేను. ఇసక మీద వదలగానే ఏడుగురూ బుద్ధిగా వరసకట్టి సముద్రాన్ని చూశారు. "సూసావా, ఈత రక్తంలోనే ఉంది" అన్నాడు మావయ్య. అల వచ్చింది. వాళ్ళు ఈదలేదు. పొట్ట నేలకి ఆనించి, మెడ చాపి, కన్నార్పకుండా అలకి అటూ ఇటూ పరుగెత్తి దాన్ని వెనక్కి తోలడం మొదలెట్టారు. అల వెనక్కి పోయింది. వాళ్ళకి నమ్మకం కుదిరింది. గంటసేపు సముద్రాన్ని ఉన్నచోట ఉంచడానికి అంత అవస్థ పడ్డవాళ్ళని నేను చూడలేదు. అటు అలల్ని ఆరుగురు కాస్తుంటే, నాగా ఒక్కడూ గట్టున కూర్చున్న నా పావడా అంచు పట్టుకుని వాళ్ళవైపు లాగుతున్నాడు.

అప్పట్నుంచి సందులో ఏదీ ఉన్నచోట ఉండలేదు. గుల్జార్ బేగం కోళ్ళు పన్నెండూ ఒక మధ్యాహ్నం మావయ్య అరుగు మీద ముద్దగా నిలబడి ఉన్నాయి, చుట్టూ కుక్కపిల్లలు కాపలా. ఇంకోరోజు కిరసనాయిలు ఇచ్చే చోట జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటే, బస్సూ పిల్లలూ వెళ్ళి చుట్టూ తిరిగి తిరిగి, ఎవరి పిక్కనీ కొరక్కుండానే, అందర్నీ తిన్నటి వరసలో పెట్టేశాయి. నాయనమ్మ మంచంలో పడుకునే వార్త విని, "ఏటో, ఈటికి కామరాజు గాలి సోకింది" అని తేల్చేసింది. సందులో అందరూ అదే నిజమనుకున్నారు. ఆరింటికి సైరన్ మోగడమే తడవు, బస్సూ ఆరుగురు పిల్లలూ ఇంటింటికీ దూరి, నిద్ర కళ్ళతో ఉన్నవాళ్ళని పంచెలు పట్టి లాగి కుళాయి దగ్గర చేర్చేవి. మావయ్య పెన్సిలు తీసేసరికి సందంతా సిద్ధం. ముప్ఫయ్యేళ్ళలో ఇలాంటి అసిస్టెంట్లు దొరకలేదని ఆయన పొంగిపోయేవాడు.

"జెట్టి. క్రేను. లంగరు." ఒక్కొక్కడూ తోక ఊపేవాడు. "నాగా."

ఉండేవాడు కాదు. సందంతా వెతికేది. నాగా ఎక్కడున్నాడో నాకు తెలుసు. డ్రమ్ము వెనకాల, నా పాదాల మీద గడ్డం ఆనించి, నన్ను కుళాయివైపు ఎలా తోలాలా అని ఆలోచిస్తూ ఉండేవాడు. "ఇక్కడున్నాడు" అనే ఒక్క మాట రోజూ నా గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

నాకు ఇంకోటి కూడా తెలుసు. ఒకరోజు మావయ్య పుస్తకం అరుగు మీద పెట్టి ముఖం కడుక్కుంటుంటే, గాలికి అట్ట తెరుచుకుని చీటీ కనబడింది. ఎర్రగా కొట్టేసిన రెండు ఈలు. నా ఎనిమిదో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఆ మాట ఉంది, పక్కన బొమ్మ కూడా ఉంది. అలలు, కోళ్ళు, కిరసనాయిలు వరస, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. చెప్పాలి. ఎలా చెప్పను? ముప్ఫయ్యేళ్ళు ఓడల పేర్లు రాసినవాడికి షిప్పు స్పెల్లింగు తప్పని నేనా చెప్పేది?

పిల్లలకి రెండున్నర నెలలు వచ్చాయి. ఇంక పంచాలి. అడిగేవాళ్ళకి కొదవ లేదు. మావయ్య ఒకటే షరతు పెట్టాడు. పిల్ల కావాల్సినవాళ్ళు పదిరోజులు వరసగా ఆరింటి మస్టరుకి వచ్చి నోటితో పలకాలి. "పది పొద్దులు లేవలేనోడు కుక్కకి బువ్వేటెడతాడు" అన్నాడు. మేడల్లో ఉండే పెద్దమనుషులు కూడా లుంగీలతో వచ్చి కుళాయి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి పలికారు. సందులో వరహాలు పలికి జెట్టిని తీసుకున్నాడు. నజీర్ క్రేనుని తీసుకున్నాడు. లంగరు, తెడ్డు, విజిలు, గేటు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. చెవి నిలబడనివాడు, పిలిస్తే ఉండనివాడు, నాగా ఒక్కడూ మిగిలాడు.

నాకు వాడు కావాలి. ఆ సంగతి నాయనమ్మకి తెలుసు. "నోరు తెరిసి అడగవే. పదిరోజులు 'ఉన్నాను' అంటే సాలు. ఉన్నది ఎలాగూ ఉన్నావు కదా" అనేది. అమ్మ కూడా సరేనంది. చేప తలకాయలకి మా ఇంట్లో లోటేం లేదు. ఒక్క మాట లోటు.

అప్పుడు దిగాడు భీమశంకరరావు. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఆయనది. కృష్ణా జిల్లానుంచి వచ్చి స్థిరపడ్డాడు. జీపు ఆయన కంటే ముందే సందులోకి అరుస్తూ వచ్చేది. "ఏవండీ, మా షెడ్డుకి కాపలాకి ఒకటి కావాలండీ. చెవి ఎలా ఉంటే నాకెందుకండీ, గొలుసేసి కట్టేస్తే అదే ఉంటది" అన్నాడు. మావయ్య షరతు చెప్పాడు. "పదిరోజులేగా. వస్తా" అన్నాడు. రోజూ వచ్చాడు, లేదా జీపు వచ్చింది.

నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. ప్రతి పొద్దూ డ్రమ్ము వెనకాల కూర్చుని, ఈరోజు పలుకుతాను అనుకున్నాను. "సీతాలు. పలక్కపోతే నాగా ఏసీగల్ను." నేను గంప కడుగుతూనే ఉండేదాన్ని. నాగా నా ముఖంలోకి చూసి, పాదం మీద ముక్కుతో ఒక పోటు పొడిచేవాడు. తొమ్మిది పొద్దులు అలాగే పోయాయి.

పదో పొద్దున భీమశంకరరావు చేతిలో కొత్త తాడు పట్టుకుని వచ్చాడు.

"భీమశంకరరావు గారూ."

"ఉన్నానండీ. ఉన్నాను. పదీ అయిపోయినయ్."

"సీతాలు."

మావయ్య ఆవేళ ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగాడు. నాయనమ్మ కూడా అరవలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఏదో రాసి, "నాగా" అని పిలిచాడు.

వాడు లేడు. వెతకడం మొదలయింది. భీమశంకరరావు తాడు ఉచ్చు చేసుకుని ఒక్కొక్క గుమ్మం చూసుకుంటూ మా డ్రమ్ము వైపు వస్తున్నాడు. ఆయన చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. నా పాదాల మీద వాడి గడ్డం వెచ్చగా ఉంది. ఇక్కడ లేడు అని అబద్ధం చెబుదామనుకుని లేచి నిలబడ్డాను. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"హాజరు."

అంత గట్టిగా వస్తుందని నాకూ తెలీదు. గుల్జార్ బేగం కోళ్ళు రెండు ఎగిరాయి. నాయనమ్మ మంచం కిర్రుమంది. సందంతా నా వైపు తిరిగింది.

మావయ్య పెన్సిలు గాల్లోనే ఆగింది. "ఎవుడికి పలికావు? నీకా, ఆడికా?"

"ఇద్దరికీ, మావయ్యా."

"ఒకల బదులు ఇంకోల్లు..." అని రూలు మొదలెట్టాడు.

తలుపు ఎలాగూ తెరుచుకుంది కాబట్టి లోపల ఉన్నదంతా వచ్చేసింది. "అది షిప్పు కాదు మావయ్యా. షీపు. గొర్రె. రెండు ఈలూ ఉండాలి. ఆ నావికుడు సరిగ్గానే రాశాడు. ఇవి గొర్రెల్ని కాసే కుక్కలు. మందని ఒకచోట చేర్చడం వీటి పని. అందర్నీ చేర్చేది బస్సూ, మిగతావాళ్ళూ. వీడేమో మందలో చేరకుండా వెనకబడ్డదాన్ని తీసుకురావడానికి వస్తాడు. వీడు ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. రోజూ నా దగ్గరికి డ్యూటీకి వస్తున్నాడు."

నజీర్ అహ్మద్ నుదురు కొట్టుకుని, "యా అల్లా, షీప్" అన్నాడు. నాయనమ్మ మంచంలోంచి, "అంటే ఇన్నాళ్ళూ మనం గొర్రెలమా?" అంది. ఎవరూ కాదనలేదు.

భీమశంకరరావు మాత్రం తాడు వదల్లేదు. "గొర్రె కానివ్వండి, బర్రె కానివ్వండి. షరతు షరతే. పదిరోజులు నేను పలికాను. ఈ అమ్మాయి పలికింది ఇవాళ ఒక్కరోజు. తొమ్మిది నాగాలు ఉంటయ్. పుస్తకం తీయండి, చూద్దాం" అన్నాడు.

కామరాజు మావయ్య భయపడటం నేను మొదటిసారి చూశాను. పుస్తకాన్ని రెండు చేతులా పొట్టకి అదుముకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆఫీసు రికార్డు. ఎవులికీ సూపించకూడదు" అన్నాడు. బస్సు ఆయన వెనకనుంచి వచ్చి, పిక్క దగ్గర ముక్కు పెట్టి, మళ్ళీ జనంలోకి తోలింది. చిట్టెమ్మత్త పుస్తకం గుంజుకుని నా చేతిలో పెట్టింది. "ఎనిమిది దాకా సదివినావు. నువ్వే సదువు. ముప్ఫయ్యేళ్ళుగా ఏం రాత్తన్నాడో నానూ ఇంటాను."

నేను చదివాను. మొదట మెల్లిగా. తర్వాత ఎవరో వెనకాల వినబడ్డం లేదంటే గట్టిగా.

నా వరసలో మొదటి పొద్దు: సీతాలు. డ్రమ్ము వెనక ఉంది. జడ కనబడుతోంది. హాజరు. రెండో పొద్దు: డ్రమ్ము వెనక. గంపలు కడిగిన నీళ్ళు ఇటు పారాయి. హాజరు. మూడు: ముసలమ్మకి జావ పడుతోంది. డ్యూటీ మీద ఉంది. హాజరు. అలా పది. పది కాదు, రిటైరైన మర్నాటినుంచి అలాగే.

నాకు చదవడం కష్టమై పైవాళ్ళ వరసల్లోకి వెళ్ళిపోయాను. వరహాలు, పద్దెనిమిది రోజులు: జ్వరం. ఇవాళ రెండు ముద్దలు తిన్నాడు. హాజరే. గుల్జార్ బేగం: పుట్టింటికి వెళ్ళింది. పరదా ఉంది. హాజరు. గంగాలమ్మ: తిట్టింది. హాజరు. గంగాలమ్మ: ఇవాళ తిట్టలేదు. మధ్యాహ్నం వెళ్ళి చూడాలి. దాని కిందే, వేరే రంగు పెన్సిలుతో: వెళితే తిట్టింది. హాజరు.

"ఏడిసాడు" అంది నాయనమ్మ. గొంతు కొంచెం తగ్గింది.

భీమశంకరరావు మెడ చాపి తన వరస తనే చూసుకున్నాడు. నాలుగో పొద్దు: జీపు వచ్చింది. మనిషి రాలేదు. డ్రైవరు పలికాడు. పనులున్నవాడు, పాపం. హాజరు. ఏడో పొద్దు కూడా అంతే. ఆయన ముఖం ఎర్రబడింది. తాడు చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఏవండీ కామరాజు గారూ, లారీ లైన్లో ఇరవయ్యేళ్ళనుంచి ఉన్నాను. ఇంత దొంగ మస్టరు నేనెక్కడా చూళ్ళేదండీ" అన్నాడు. తర్వాత నవ్వాడు. "మా షెడ్డుకి ఉన్నచోట కూర్చునే కుక్క కావాలి. ఇది వెనకబడ్డవాళ్ళని వెతుక్కుంటూ పోయేదైతే, మా పనోళ్ళ కోసం దీన్ని రోజూ ఊరంతా తిప్పాలి. అమ్మాయికే ఇచ్చెయ్యండి." జీపు ఎక్కబోయి వెనక్కి వచ్చి, ఆ రెండు రోజులూ కొట్టేసి నాగా వెయ్యమని మావయ్యని అడిగాడు. మావయ్య ఒప్పుకోలేదు. ఒకసారి రాసింది దిద్దడానికి రూల్సు లేవన్నాడు.

నేను పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పి చూశాను. పద్నాలుగిళ్ళు, మూడు నెలల పైన. నాగా వేసేస్తానని ఆయన రోజుకి పదిసార్లు బెదిరించిన పుస్తకంలో, నాగా అన్న మాట ఒకే ఒక్క చోట ఉంది. హాజరు గళ్ళలో కాదు. పేర్ల వరసలో, ఏడో కుక్కపిల్ల దగ్గర.

నజీర్ అహ్మద్ చిన్నగా దగ్గి, పోర్టులో ముసలి ఖలాసీలకి ఈ సంగతి తెలుసేమో అన్నాడు. ఈయన సాయంత్రం ఇళ్ళకి వెళ్ళి చూసొచ్చాకే పట్టీ ముగించేవాడని వాళ్ళు అనుకునేవారట. మావయ్య ఆ మాట వినబడనట్టు చీటీ మీద వంగి, కొట్టేసిన రెండు ఈలనీ పక్కన మళ్ళీ రాసుకుంటున్నాడు. దిద్దడానికి రూల్సు లేవని అప్పుడే మర్చిపోయాడు. "పాపం, ఏడుపులో కూడా కరెక్టుగానే రాసినాడు" అంటున్నాడు.

ఆ సాయంత్రం నాగా మా ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే నాయనమ్మ మంచం చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎంత తోలినా కదలని గొర్రె ఇదొకటి ఉందని అర్థం చేసుకుని, మంచం కింద పడుకున్నాడు. నేను మళ్ళీ ఎదురింటికి వెళ్ళాను. మావయ్య పుస్తకం తీసుకుని, ఎర్ర పెన్సిలు అడిగాను. అందరి పేర్లూ ఉన్నాయి. కుక్కలవీ ఉన్నాయి. ఒక పేరు లేదు. వరస చివర గీత గీసి నా ఎనిమిదో తరగతి దస్తూరీతో ఆ పేరు రాశాను.

మర్నాడు పొద్దున్న సైరన్ మోగింది. మావయ్య అందర్నీ పిలిచాడు. నేను డ్రమ్ము ముందు నిలబడి పలికాను. నాగా నా పక్కన తోక ఊపాడు. ఆయన పుస్తకం మూయబోయి, కింద ఇంకో పేరు చూసి ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదెవులు రాసినారు? నాను పిలిసేవోణ్ణి. నన్నెవులు పిలుత్తారు?"

"కామరాజు" అని పిలిచాను నేను. చిట్టెమ్మత్త కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఆగింది. ఆయన అటూ ఇటూ చూశాడు. సందులో అందరూ ఎదురుచూస్తున్నారు. బస్సు కూడా.

"పలక్కపోతే నాగా ఏసీగల్ను" అన్నాను.

"ఉన్నానమ్మా" అన్నాడు కామరాజు మావయ్య, నాకంటే చిన్న గొంతుతో.